పరికరం బాగుంది, ఎవరినడిగి చేశారు?

సంపాదకులకు,

ఏటా ప్రాజెక్టుల కాలంలో మీ జిల్లా పేజీల్లో ఒక రకం వార్త తప్పకుండా వస్తుంది. ఇంజినీరింగ్ విద్యార్థులు నలుగురో అయిదుగురో ఒక పరికరం చుట్టూ నిలబడి ఉంటారు, పక్కన ప్రిన్సిపాల్, హెచ్‌వోడీ. ‘రొయ్యల రైతుకు వరం’ అనో, ‘నిమ్మ రైతు కష్టం తీరినట్టే’ అనో శీర్షిక. ఎంత ఖర్చయిందో, ఏ సెన్సర్ వాడారో రాస్తారు. ఎవరి ఇబ్బంది చూసి, ఎవరినడిగి, మధ్యలో ఏమేం మార్చి దాన్ని అలా తయారుచేశారో మాత్రం ఉండదు. ఇందులో విలేకరి తప్పేమీ లేదు. ఆ సంగతి ప్రాజెక్టు రిపోర్టులోనే ఉండదు.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల కాలేజీల్లో ఈ ప్రాజెక్టులకు గైడ్లుగా, రివ్యూల్లో పరీక్షకులుగా కూర్చునేవాళ్లం మేము. మా మాట ఒక్కటే: విద్యార్థుల బ్యాచ్ చేసిన పరిశోధనకు మార్కులు వేసేటప్పుడు, దానివల్ల డిజైన్‌లో ఏం మారిందో చూసి వేయాలి. ఏమీ మారకపోతే ఆ సర్వే చేసినా ఒకటే, చేయకపోయినా ఒకటే.

ఇప్పుడు జరుగుతున్నది వేరు. మొదటి రివ్యూలో అడిగే మొదటి ప్రశ్న ‘బేస్ పేపర్ ఏది?’ అని. ఎక్కడో అచ్చయిన పేపరు పట్టుకోవడం, దానికి రెండు సెన్సర్లు తగిలించడం, తర్వాత దాన్ని ఏ రైతుకు అంటగట్టాలా అని వెతకడం. రిపోర్టులో ‘ఎగ్జిస్టింగ్ సిస్టమ్’ కింద నాలుగు లోపాలు, ‘ప్రపోజ్డ్ సిస్టమ్’ కింద నాలుగు లాభాలు. వాడే మనిషి ఇబ్బంది నుంచే డిజైన్ మొదలుపెట్టమనే ‘డిజైన్ థింకింగ్’ సిలబస్‌లోకి వచ్చాక వీటికి ఒక సర్వే, ఒక పర్సోనా (పరికరం వాడబోయే మనిషి ఊహాచిత్రం), చివర్లో ‘రిఫ్లెక్షన్’ అనే రెండు పేజీలు చేరాయి. సర్వే అంటే గూగుల్ ఫారం ఒకటి చేసి క్లాసు వాట్సాప్ గ్రూపులో పడేయడం. పర్సోనా అంటే రామయ్య. ఏ బ్యాచ్ రిపోర్టు తెరిచినా ఆయనే ఉంటాడు: వయసు 45, అయిదెకరాల రైతు, టెక్నాలజీ అంటే భయం, తక్కువ ఖర్చులో పరిష్కారం కావాలి. ఇదివరకు సీనియర్ల రిపోర్టు నుంచి దిగేవాడు, ఇప్పుడు ఏఐ యాప్ నుంచి దిగుతున్నాడు; పాపం, ఎకరాలు మాత్రం పెరగలేదు. ఇక రిఫ్లెక్షన్ పేజీల్లో ‘టీమ్‌వర్క్ విలువ తెలుసుకున్నాం, టైమ్ మేనేజ్‌మెంట్ నేర్చుకున్నాం’ అని ఉంటుంది. బైండింగుకు ఇచ్చే ముందు రాత్రి రాసినవని చదువుతుంటేనే తెలిసిపోతుంది.

మన దగ్గర తరచూ వచ్చే ప్రాజెక్టునే తీసుకుందాం: రొయ్యల గుంటకు అలారం. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, విడవలూరు, అల్లూరు వైపు గుంటల్లో వనామీ రకం రొయ్య బతికేది నీళ్లలో కరిగిన ఆక్సిజన్ మీద. లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా చూసుకోవాలి, 5 ఉంటే నిశ్చింత. పగలు ఎండకు ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి ప్లాంక్టనూ, రొయ్యలూ, అడుగు బురదలోని బాక్టీరియా అన్నీ దాన్ని వాడుకునేవే. అందుకే తెల్లవారుజామున అడుగంటుతుంది, పగలంతా మబ్బు పట్టి ఉంటే ఆ రాత్రి ఇంకా ముందే. ఆ వేళలో నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే రొయ్యలు పైకి తేలి గట్టు వారకు చేరతాయి. చూసుకోకపోతే గంటల్లో పంట పోతుంది.

ఇంతవరకు పుస్తకాల్లో దొరుకుతుంది. దీన్ని పట్టుకుని బ్యాచ్ వేసే ప్రశ్నలు ఇలా ఉంటాయి: ‘మీ గుంట దగ్గర కరెంటు కోతలు ఉన్నాయా? అలారం ఉంటే ఉపయోగపడుతుందా?’ అందరూ అవుననే అంటారు. వెతుక్కుంటూ వచ్చిన చదువుకునే పిల్లల్ని కాదనేదెవరు? ఆ అవును మీద ఒక సర్క్యూట్ లేస్తుంది. ఒక ఫేజు నుంచి తీగ లాగి, వోల్టేజి ఉందా లేదా చూసే రిలే పెట్టి, లేకపోతే ఫోనుకు మెసేజ్ పంపడం. లాబ్‌లో ప్లగ్ పీకగానే మెసేజ్ వస్తుంది. చప్పట్లు.

అడగాల్సిన తీరు ఇది కాదు. ‘కిందటిసారి రాత్రిపూట ఏరియేటర్ ఆగినప్పుడు ఏం జరిగింది? మీకు మొదట ఎట్లా తెలిసింది? అప్పుడు టైమెంత? తర్వాత ఏం చేశారు? జనరేటర్ ఎంతసేపటికి స్టార్టయింది?’ అభిప్రాయం అడగకూడదు, జరిగిన సంగతి గంటల వారీగా చెప్పించుకోవాలి. అదీ టౌన్లో ఉండే యజమాని దగ్గర కాదు, గట్టు మీద గుడిసెలో పడుకునే కాపలా మనిషి దగ్గర.

అలా అడిగితే కరెంటు పోవడం ఒక్కటే బయటికి రాదు. మూడు ఫేజుల్లో ఒకటి పోయి ఉంటుంది. గుడిసెలో బల్బు వెలుగుతూనే ఉంటుంది. తిరుగుతున్న మోటారైతే మిగతా ఫేజుల మీద ఎక్కువ కరెంటు లాగి కాలిపోతుంది, ఆగిన మోటారైతే మూలుగుతుందే తప్ప కదలదు. ఇంకోసారి మోటారు తిరుగుతూనే ఉంటుంది, గేర్‌బాక్సులో పళ్లు అరిగి రెక్కల చక్రాలు ఆగిపోతాయి. మరోసారి కరెంటు రెండు నిమిషాలే పోయి వస్తుంది. మామూలు స్టార్టరు ఒకసారి వదిలేశాక మనిషి వెళ్లి మళ్లీ పచ్చ బటన్ నొక్కితే తప్ప మోటారు మొదలవదు. బల్బు వెలిగింది కదా అని కాపలా మనిషి పడుకుంటాడు.

ఈ మూడింటిలో మొదటిది, పోయిన ఫేజు మనం తీగ లాగినదే అయితే తప్ప ఆ రిలేకు అందదు. రెండోది అసలే అందదు. మూడోదాంట్లో ‘కరెంటు వచ్చింది’ అని భరోసా మెసేజ్ కూడా పంపుతుంది. కొలవాల్సింది మోటారు లాగే కరెంటు: మూడు తీగలకూ బిగించి, వాటిలో పారే కరెంటును కొలిచే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లతో. గేర్‌బాక్సు తెగితే లోడు పోయి ఆ కరెంటు మామూలు కంటే తగ్గుతుంది గనక, ఎంతకు తగ్గుతుందో ముందే కొలిచి పెట్టుకుంటే రెండో రకమూ దొరుకుతుంది. డిజైన్ మొత్తం మారిపోయింది చూడండి. మార్చింది బేస్ పేపర్ కాదు, ప్రశ్న వేసిన తీరు.

మనిషి చెప్పినదాన్ని ఇంకో దారిలో సరిచూసుకోవచ్చు. మోటార్లకు రీవైండింగ్ చేసే షాపుకెళ్లి, విప్పి పెట్టిన స్టేటర్లు (మోటారులో కాయిల్స్ చుట్టి ఉండే, తిరగని భాగాలు) చూడమనండి. కాయిల్సన్నీ ఒకేలా నల్లబడి ఉంటే లోడు ఎక్కువైనట్టు. కొన్ని గుంపులు మాడి, మధ్య మధ్య గుంపులు కొత్తవాటిలా ఉంటే సింగిల్ ఫేజింగ్, అంటే ఒక ఫేజు పోయినట్టు. కాయిల్స్‌ను కలిపే రెండు పద్ధతుల్లో స్టార్ కనెక్షన్ అయితే మూడింట రెండు వంతుల కాయిల్స్ మాడతాయి, డెల్టా అయితే మూడింట ఒక వంతు. మెకానిక్ చూడగానే చెప్పేస్తాడు. ఇది రైతు జ్ఞాపకం మీద ఆధారపడని సాక్ష్యం. మనిషి చెప్పింది, మనం కంటితో చూసింది, వస్తువు మీద మిగిలిన గుర్తు, ఈ మూడూ ఒకే వైపు చూపిస్తే నమ్మొచ్చు. పొసగకపోతే, ఎక్కడ పొసగలేదో అదే రిపోర్టులో రాయాల్సిన ముఖ్యమైన సంగతి. మా దగ్గరికొచ్చే రిపోర్టుల్లో అన్నీ అన్నిటితో పొసుగుతాయి, అదే అనుమానం.

తెల్లవారుజామున గుంటల మీదికి హాస్టల్ పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు వెళ్లలేరు, వెళ్లమని మనం అనకూడదు కూడా. తడి నేల, నీళ్లలో కరెంటు తీగలు. బదులుగా యజమాని అనుమతితో, ఎలక్ట్రీషియన్ చేతే స్టార్టరు బాక్సులో కరెంటు లాగర్ పెట్టించి, మోటారు ఎప్పుడు ఆగిందో ఎప్పుడు తిరిగిందో వారం రోజులు నమోదు చేయించవచ్చు. కాపలా మనిషికి గంటలు గీసిన కాగితం ఇచ్చి, రాత్రి లేచి చూసినప్పుడల్లా టిక్కు పెట్టమనవచ్చు. అలారం ఎన్ని సెకన్లు ఆగి మోగాలన్నది తేలేది ఈ లాగర్ లెక్కల్లోనే. కరెంటు మినుక్కుమన్నప్పుడల్లా మోగి ఉత్తపుణ్యానికి లేపితే ఆ మనిషి మూడో రాత్రికి వైరు పీకేస్తాడు. అలారాలు చాలావరకు పోయేది అట్లానే.

ఆక్సిజన్ సెన్సరే పెడతామనే బ్యాచ్‌లు కూడా వస్తుంటాయి. లాబ్‌లో మంచినీళ్లలో కాలిబ్రేట్ చేసి రీడింగు చూపిస్తారు. 30 డిగ్రీల మంచినీళ్లు గాలిలోంచి పట్టగలిగే ఆక్సిజన్ లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములు. ఉప్పు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. గుంట నీటి ఉప్పదనం కొలిచి లెక్కలో వేయకపోతే రీడింగు ఉన్నదానికంటే ఎక్కువ చూపుతుంది, అంటే ప్రమాదం వైపు తప్పుతుంది. పైగా నీళ్లలో ముంచే గాల్వానిక్ రకం సెన్సర్ ప్రోబు కొసన ఉండే పలచటి పొర మీద గుంటలో పాచి పడుతుంది, రోజులు గడిచేకొద్దీ రీడింగు పడిపోతుంది. గంటసేపు ముంచి చూస్తే ఇది కనబడదు. ‘కచ్చితత్వం 98 శాతం’ అని రాసిన ప్రతిచోటా ఎన్ని రోజులు, ఏ నీటిలో, దేనితో పోల్చారో పక్కన ఒక వాక్యం ఉండాలి. పోల్చడానికి ఖరీదైన మీటరే అక్కర్లేదు, నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను రసాయనాలతో కొలిచే వింక్లర్ టైట్రేషన్ కెమిస్ట్రీ లాబ్‌లోనే చేయొచ్చు. కాకపోతే సీసాలో బుడగ లేకుండా నీళ్లు నింపి, మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలీ అయొడైడ్ రెండూ గట్టు మీదే కలపాలి. కాలేజీకి తెచ్చి కలిపితే దారిలోనే సీసాలోని ప్లాంక్టన్ ఆక్సిజన్‌ను మార్చేసి ఉంటుంది. ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

ప్రశ్న ఎంత తేడా తెస్తుందో కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడ్ ఫిల్టర్ ప్రాజెక్టుల్లోనూ కనిపిస్తుంది. భారత ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు. ‘మీరు ఏ నీళ్లు తాగుతారు?’ అని అడిగితే ‘క్యాన్ నీళ్లు’ అంటారు. అక్కడితో ఆగితే సమస్యే లేదు. అన్నం, పప్పు దేంతో వండుతున్నారో వంటింట్లో చూస్తే అది బోరు నీళ్ల బిందె కావచ్చు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ మిగిలినదాంట్లో చిక్కబడుతుంది. కాబట్టి ‘నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏ నీళ్లు దేనికి వాడారు?’ అని అడగాలి, అదీ నీళ్లు మోసి వంట చేసే మనిషిని. పంచలో కూర్చున్న పెద్దాయన మర్యాదగా జవాబు చెబుతాడు గానీ ఆయనకు తెలియదు. తాగడానికి రోజుకు ఎన్ని లీటర్లు, వంటకు ఎన్ని లీటర్లు అన్నది తేలాకే ఫిల్టర్ సైజు మాట.

పొగాకును వేడితో ఎండబెట్టే గదులు, బ్యారన్ల మీద పనిచేసే బ్యాచ్‌లకు కూడా ఇదే వర్తిస్తుంది. ఆకు పండుబారే దశలో 35–38 డిగ్రీలు, చివర ఈనె ఎండే దశలో 70 దాకా అని పట్టిక ఉంటుంది. నిప్పు చూసే మనిషి పట్టికతో పాటు ఆకు రంగు, తడి కూడా చూసుకుని మంట పెంచుతాడు. ఆయన ఏ క్షణాన ఏం చూసి పెంచాడో పక్కన నిలబడి రాసుకోకుండా ‘పూర్తి ఆటోమేటిక్’ అనడం తొందరపాటు.

ఇక శాతాలు. 30 మందిని అడిగి ‘60 శాతం రైతులు’ అని రంగుల చార్టు వేస్తారు. పేర్లన్నీ రాసి లాటరీ తీసినట్టు ఎంచిన 30 మందైనా, 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే ఆ సంఖ్యకు అటూ ఇటూ 18 దాకా తేడా ఉంటుంది. తేడా 10కి దిగాలంటే 96 మంది కావాలి, 5కు దిగాలంటే 384 మంది. స్నేహితుడి నాన్న, ఆయన పక్క గుంటాయన, వాళ్ల బావమరిది అయితే ఈ లెక్క అసలు పనికిరాదు. అప్పుడు శాతాలు మానేసి ‘మేం మాట్లాడిన 12 మందిలో 8 మంది’ అని రాసుకుంటే చాలు, పరువేం పోదు. ‘అయిదుగురిని అడిగితే చాలట కదా సార్’ అనే మాట కూడా వింటుంటాం. అది కంప్యూటర్ స్క్రీన్ల వాడకాన్ని పరీక్షించే పరిశోధకులు నీల్సన్, లాండావర్ 1993లో వేసిన లెక్క నుంచి వచ్చింది. ఒక స్క్రీన్ వాడేటప్పుడు ఒక్కొక్కరి దగ్గర సగటున 31 శాతం చిక్కులు బయటపడితే, అయిదుగురి దగ్గర కలిపి 85 శాతం దాకా బయటపడతాయని. తయారైన నమూనాలో తప్పులు పట్టడానికి అది పనికొస్తుంది. ఊళ్లో ఎంతమందికి ఇబ్బంది ఉందో లెక్కగట్టడానికి కాదు.

నమూనాను పరీక్షించేటప్పుడు చేతికిచ్చి, పని చెప్పి, మనం నోరు మూసుకోవాలి. ‘ఎట్లుందన్నా?’ అంటే ‘బాగుంది’ తప్ప వేరే మాట రాదు. ఎక్కడ ఆగాడు, ఏ బటన్ వెతికాడు, ఎంతసేపు పట్టింది, అవి రాసుకోవాలి. కాపలా మనిషి చేతిలో ఉన్నది కీప్యాడ్ ఫోనైతే యాప్ నోటిఫికేషన్ మాట మొదటి నిమిషంలోనే తేలిపోతుంది. ఫోన్ కాలో, గుడిసె చూరుకు సైరనో పెట్టాలి.

గ్రూపు సంగతి. నలుగురి బ్యాచ్‌లో ఒకరు సర్వే, ఒకరు కోడు, ఒకరు మోడలు, ఒకరు డాక్యుమెంటేషన్ అని మొదటి రోజే పంచేసుకుంటారు. దాంతో గట్టు మీద విన్నది కోడు రాసేవాడికి చేరదు. ప్రతి ఇంటర్వ్యూకు ఇద్దరు వెళ్లాలి, ఒకరు అడగాలి, ఒకరు రాయాలి, తర్వాతిసారికి మారాలి. కోడు రాసే మనిషికి మినహాయింపు లేదు. అరగంట రికార్డింగును అక్షరాల్లోకి ఎక్కించడానికి రెండు మూడు గంటలు పడుతుంది గనక రోజుకు రెండు ఇంటర్వ్యూలకు మించి పెట్టుకోకూడదు. పెట్టుకుంటే రెండోవారానికి రికార్డింగులు ఫోన్లోనే పేరుకుపోతాయి, ఎవరూ వినరు. ఒక చీటీకి ఒక సంగతి, చెప్పిన మనిషి మాటల్లోనే. మూల మీద తేదీ, ఎవరు చెప్పారో గుర్తుకు ఒక అంకె, విన్నదా చూసిందా అన్నది. తర్వాత నలుగురూ కలిసి బల్ల మీద పరిచి దగ్గర దగ్గరవి చేర్చాలి. శీర్షికలు ముందే రాసిపెట్టుకుని వాటి కింద సర్దితే ముందు అనుకున్నదే తేలుతుంది. ఏ గుంపులోనూ ఇమడని చీటీలను పారేయొద్దు. స్టార్టరు పచ్చ బటన్ లాంటి సంగతులు దొరికేది వాటిలోనే.

సమాచారం ఇచ్చినవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, సంతకాలతో సహా ఫారాలను రిపోర్టు వెనక కుట్టేసి లైబ్రరీలో పెట్టే అలవాటు ఆగాలి. అప్పుల మాట నలుగురి ముందు అడగకూడదు. ముఖం కనిపించే ఫొటోకు ముందే అడిగి ఒప్పించుకోవాలి.

రిఫ్లెక్షన్ పేజీలు ఇలా ఉంటే మేలు. ప్రతి విడతకు ఒక వరస: ఏ పద్ధతి, వెళ్లేముందు ఏమనుకున్నాం, ఏం తెలిసింది, డిజైన్‌లో ఏం మార్చాం, ఇంకా తేలనిదేమిటి. ‘కాపలా మనిషితో ఇంటర్వ్యూ. అనుకున్నది: కరెంటు పోవడమే సమస్య. తెలిసింది: కరెంటు తిరిగొచ్చినా స్టార్టరు నొక్కాలి. మార్చింది: వోల్టేజి రిలే తీసేసి కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్. తేలనిది: గేర్‌బాక్సు తెగితే కరెంటు ఎంత తగ్గుతుందో.’ టీమ్‌వర్క్ గురించి ఒక్క మాట లేకుండానే ఈ నాలుగు ముక్కల్లో టీమ్ చేసిన పని కనిపిస్తుంది. అలాగే ప్రతి సభ్యుడూ మిగతావాళ్లది చూడకుండా అరపేజీ విడిగా రాయాలి. నలుగురి అరపేజీల్లో తేడాలున్నచోట వైవాలో (నోటి పరీక్షలో) ప్రశ్నలు వేస్తే ఎవరు గుంట గట్టు ఎక్కారో ఎవరు పేరు మాత్రమే ఎక్కించుకున్నారో అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. డబ్బిస్తే కోడు, రిపోర్టు, పీపీటీ కలిపి ఇచ్చే షాపులు ఉన్నాయని అందరికీ తెలుసు. మట్టి అంటిన చీటీల కట్ట మాత్రం అక్కడ దొరకదు.

కాలేజీలకు మా సూచన: మొదటి రివ్యూలో పరిష్కారం స్లైడ్లు ఉండకూడదు. ప్రశ్న ఏమిటి, ఎవరినడిగారు, ఏం చూశారు, అంతే. ‘రొయ్యల సాగులో సమస్యల అధ్యయనం’ అన్నది ప్రశ్న కాదు. ‘రాత్రి 2 నుంచి 6 మధ్య ఏరియేటర్ ఆగిన సంగతి గుంట దగ్గరున్న మనిషికి ఎంతసేపటికి, ఎట్లా తెలుస్తోంది?’ అన్నది ప్రశ్న. మీ విలేకరులకు కూడా ఒక మనవి: ప్రదర్శనలో పిల్లల్ని పలకరించినప్పుడు, మొదట ఏం చేద్దామనుకున్నారు, ఎవరు ఏం చెబితే మార్చారు అని అడిగి, ఆ జవాబును వార్తలో రెండు వాక్యాలుగా రాయండి.

వైవాకు కనీసం పది రోజుల ముందు, రెండు పేజీల సారాంశం తెలుగులో రాసి సమాచారం ఇచ్చినవాళ్లకు చదివి వినిపించాలి. మనం తప్పుగా అర్థం చేసుకున్నది వాళ్లు అక్కడికక్కడే చెబుతారు. దిద్దుకోవడానికి ఆ పది రోజులు కావాలి, కాబట్టి బైండింగు ఆ తర్వాతే.

ఇట్లు,
విద్యార్థి ప్రాజెక్టులకు గైడ్లుగా ఉన్న కొందరు అధ్యాపకులు,
నెల్లూరు, ఒంగోలు.